మూడడుగుల ఎడం: ఇనుప పొయ్యికీ కలప గోడకూ నడుమ దూరం – ఒక చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

అమెరికాలో కలప చట్రంతో కట్టిన ఇంట్లో కట్టెలతో మండే ఇనుప స్టవ్ పెట్టుకోదలచినవారికి మొదట ఎదురయ్యే నియమం ఒక దూరం. ప్రయోగశాల పరీక్షలో గుర్తింపు పొందని స్టవ్‌కూ మంట అంటుకొనే గోడకూ నడుమ 36 అంగుళాల ఖాళీ ఉండాలని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 211వ ప్రమాణం చెబుతుంది. కెనడా ప్రమాణం అదే తరగతి స్టవ్‌కు 48 అంగుళాలు అడుగుతుంది. నిప్పు మారలేదు, కట్టె మారలేదు, గోడ మారలేదు. సరిహద్దు దాటగానే ఒక అడుగు పెరిగింది. కాబట్టి ఈ అంకె ప్రకృతి ఇచ్చినది కాదని, సంస్థలు నిర్ణయించినదని స్పష్టం. సంస్థలు నిర్ణయించిన ప్రతి అంకె వెనుకా ఒక వాదం, ఒక భయం, కొంత సాక్ష్యం ఉంటాయి. వాటిని వెలికితీయడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిప్పురవ్వ గోడమీద పడకుండా, మంట నాలుక చెక్కకు తగలకుండా ఈ దూరం ఏర్పడిందని సాధారణంగా భావిస్తాం. తొలి శతాబ్దాల నియమాల విషయంలో ఇది చాలావరకు నిజమే. కాని 19వ శతాబ్ది మధ్యభాగం నుంచి ఈ దూరానికి అర్థం మారింది. మంట తగలకుండానే, ఏళ్ళ తరబడి వేడికి గురైన కలప ఒకనాడు దానంతట అది అంటుకోగలదన్న అనుమానం తలెత్తింది. ఆ అనుమానానికి అంకె రూపమే నేటి ఎడం. అంటే పైకి అంగుళాల్లో కనిపించే ఈ కొలత నిజానికి సంవత్సరాలను ఉద్దేశించినది. "ఇన్నేళ్ళుగా ఇక్కడే పెట్టుకున్నాం, ఏమీ కాలేదు" అనే అనుభవ ప్రమాణాన్ని అది ఒప్పుకోదు. ఆ నిరాకరణ ఎలా పుట్టిందో, దానికి ఆధారమెంతో పరిశీలించవలసి ఉంది.

‘క్లియరెన్స్’ అనే సాంకేతిక పదానికి ఈ వ్యాసంలో ‘ఎడం’ అనే మాటను వాడుతున్నాను. నారు నాటేటప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్య రైతు విడిచే ఎడం లాంటిదే ఇదీ. చూడడానికి ఖాళీ జాగా, కాని దానికి చేయవలసిన పని ఉంది.

2. రాతి పొయ్యి కాలపు నియమాలు

లండన్ నగరంలో 1189 నాటిదిగా చెప్పే ఫిట్జ్ ఐల్విన్ నిబంధనలు ఇరుగుపొరుగు ఇళ్ళ నడుమ గోడను మూడడుగుల మందాన రాతితో కట్టమన్నాయి. 1212 అగ్నిప్రమాదం తరువాత పైకప్పుకు గడ్డి వాడడాన్ని అడ్డుకున్నారు. ఈ రెండింటి దృష్టీ ఒక ఇంటి నిప్పు పక్క ఇంటికి పాకకుండా చూడడం మీదే ఉంది. ఇంటి లోపల పొయ్యికీ ఆ ఇంటి కలపకూ గల సంబంధాన్ని అవి పట్టించుకోలేదు.

1666 మహాగ్నిప్రమాదం తరువాత వచ్చిన 1667 నాటి పునర్నిర్మాణ నిబంధనల్లో దృష్టి ఇంటి లోపలికి మళ్ళింది. పొయ్యిగూటి పక్కగోడల ముందుభాగానికి పన్నెండు అంగుళాల లోపున కలప పెట్టరాదని, పొగగూటి వెనుక నేల దూలాలను గూటికి ఆరు అంగుళాల ఎడంలో అడ్డదూలానికి తగిలించాలని ఆ నిబంధనలు చెప్పాయి. ఈ అంగుళాలను ఏ ప్రయోగమూ నిర్ణయించలేదు. వడ్రంగికీ తాపీవానికీ పని కుదిరే కొలతలవి. అయినా ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఆ దూలాలు నేల పలకల కింద, పూత వెనుక దాగి ఉంటాయి. ఇంటి యజమాని వాటిని ఎన్నడూ చూడడు. కనిపించని కలప గురించి చట్టం మాట్లాడడం అప్పటికే మొదలైందన్నమాట.

అట్లాంటిక్ అవతలి వలసల్లో పరిస్థితి మరీ మొరటుగా ఉండేది. కర్రలు పేర్చి, లోపల మట్టి మెత్తిన పొగగొట్టాలు అక్కడ మామూలు. మట్టి రాలిన చోట నిప్పు నేరుగా కర్రకు తగిలేది. 1631లో బోస్టన్‌లో అటువంటి ఒక పొగగొట్టం వల్ల ఇల్లు కాలిపోయాక కర్ర పొగగొట్టాలనూ గడ్డి కప్పులనూ నిషేధించారు. 1648లో న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ స్టైవెసెంట్ ప్రభుత్వం అదే పని చేసి, పొగగొట్టాలను తనిఖీ చేసే అధికారులను నియమించింది.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1735లో తన పెన్సిల్వేనియా గెజెట్ పత్రికలో మారుపేరుతో ప్రచురించిన లేఖ ఈ దశకు మంచి సాక్ష్యం. పొయ్యి ముందరి రాతి అరుగు చాలినంత వెడల్పు లేదని, గూటికి ఇరువైపులా అలంకారానికి కొట్టే చెక్క పట్టీలు జిగురు నిండిన దేవదారు జాతి కర్రతో చేసినవి కనుక ఒక్క నిప్పుకణిక దొర్లితే చాలు భగ్గుమంటాయని ఆయన మందలించాడు. మరుసటి సంవత్సరం ఫిలడెల్ఫియాలో యూనియన్ ఫైర్ కంపెనీ ఏర్పడింది. ఫ్రాంక్లిన్ భయం కణికల గురించి, అంటే కంటికి కనిపించే నిప్పు గురించి. వేడి గోడలోకి మెల్లగా ఇంకడం ఆయన లేఖలో చర్చకు రాలేదు. రావలసిన అవసరమూ అప్పటికి లేదు. ఎందుకంటే పొయ్యి ఇంకా ఇటుకల మధ్యే ఉంది.

3. పొయ్యి గోడను విడిచి గదిలోకి రావడం

ఫ్రాంక్లిన్ 1744లో చిన్న పుస్తకం రాసి ప్రచారం చేసిన ‘పెన్సిల్వేనియన్ ఫైర్‌ప్లేస్’ను నేడు ఫ్రాంక్లిన్ స్టవ్ అంటున్నాం. అయితే అది గది మధ్యన నిలిచే స్టవ్ కాదు. పాత ఇటుక గూటిలోనే అమర్చే ఇనుప పలకల పేటిక. పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబాలు వాడిన అయిదు పలకల స్టవ్ కూడా గోడలోకి దిగి ఉండేది. దానికి కట్టెలు పక్కగది పొయ్యిలోంచి వేసేవారు. రెండింటికీ వెనుక రాయో ఇటుకో ఉంది కనుక గోడతో తగవు లేదు.

19వ శతాబ్దిలో ఆ ఏర్పాటు తలకిందులైంది. పట్టణాల్లో కట్టెల ధర పెరిగింది. 1825లో ఈరీ కాలువ పూర్తయ్యాక ఆల్బనీ, ట్రాయ్ పట్టణాల పోత కర్మాగారాల సరుకు పడవల మీద దేశం లోపలికి చేరింది. స్టవ్ గూటిని వదలి గదిలోకి నడిచి వచ్చి నాలుగు కాళ్ళ మీద నిలబడింది. రేకు గొట్టమొకటి దానిని పొగగూటికి కలిపింది. తెరిచిన పొయ్యిలో వేడిలో అధికభాగం పొగతో పాటు పైకి పోతుంది. గదిలో నిలిచిన ఇనుప స్టవ్ ఆ వేడిని అన్ని ముఖాల నుంచీ గదిలోకే విడుస్తుంది. దాని గుణమూ అదే, దోషమూ అదే. మనిషి వైపున్న ముఖం ఎంత వేడిని ప్రసరిస్తుందో, గోడ వైపున్న ముఖం దాదాపు అంతే ప్రసరిస్తుంది.

ఈ ప్రసరణ ఎంత తీవ్రంగా పెరుగుతుందో 1879లో యోజెఫ్ స్టెఫాన్ ప్రతిపాదించిన సూత్రం చెబుతుంది. వేడి వస్తువు వెదజల్లే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. ఇనుప పలక 300 డిగ్రీల సెల్సియస్ నుంచి 450 డిగ్రీలకు చేరితే అది వెదజల్లేది ఒకటిన్నర రెట్లు కాదు, సుమారు రెండున్నర రెట్లు. చలి ముదిరిన రాత్రి స్టవ్ నిండా కట్టెలు కుక్కి గాలితలుపు తెరిచి నిద్రపోయిన ఇంట్లో గోడ అనుభవించేది పగటి అనుభవానికి కొనసాగింపు కాదు, వేరే పరిస్థితి. పగటిపూట గోడమీద చెయ్యి పెట్టి చూసి "పర్వాలేదు" అనుకోవడం ఎందుకు చాలదో ఇక్కడే తెలుస్తుంది.

అదే కాలంలో గోడ కూడా మారింది. 1830ల నుంచి చికాగో ప్రాంతంలో వ్యాపించిన తేలిక కలప చట్రంలో లావు స్తంభాలకు బదులు సన్నని నిలువు కర్రలను దగ్గరదగ్గరగా నిలిపి మేకులు కొట్టేవారు. వాటికి లోపలి వైపున సన్నని చెక్కబద్దలు అడ్డంగా బిగించి, బద్దల మీద సున్నపు గారతో పూత వేసేవారు. చూసేవారికి అది తెల్లని సున్నపు గోడ. నిజానికి ఆ పూత వెనుక ఉన్నది ఎండిన సన్నకర్ర, కర్రల నడుమ గాలి గుండా పైకప్పు దాకా సాగే ఖాళీ అర. కాలని ముఖం వేసుకున్న కాలే గోడ అది. స్టవ్ బయటికి రావడం, గోడ పలుచబడడం ఒకే తరంలో జరిగాయి. ఎడం సమస్య ఈ రెండూ కలిసిన చోట పుట్టింది.

4. బ్రైడ్‌వుడ్ సాక్ష్యం

సమస్యను కాలంతో ముడిపెట్టి చెప్పిన తొలి ప్రముఖ సాక్షి జేమ్స్ బ్రైడ్‌వుడ్. 1800లో ఎడిన్‌బరోలో పుట్టి, 1824లో ఆ నగర అగ్నిమాపక దళానికి నాయకుడై, 1833 నుంచి లండన్ ఫైర్ ఇంజన్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను నడిపిన వ్యక్తి. 1861 జూన్‌లో టూలీ వీధి గోదాముల మంటల్లో గోడ కూలి మరణించాడు. ఆయన 1846లో బ్రిటిష్ ప్రభువుల సభ విచారణ సంఘం ముందు ఒక సాక్ష్యమిచ్చాడు. మరుగుతున్న నీటి వేడిని అంతగా మించని వేడికి, అంటే 212 డిగ్రీల ఫారన్‌హీట్ ప్రాంతపు వేడికి, దీర్ఘకాలం గురైన కలప మంట తగలకుండానే అంటుకొనే స్థితికి వస్తుందని, అందుకు ఎనిమిది, పది ఏళ్ళు పట్టవచ్చని దాని సారాంశం.

ఈ సాక్ష్యం స్టవ్‌ల గురించి కాదు, గొట్టాల గురించి. ఆవిరి గొట్టాలూ వేడినీటి గొట్టాలూ ఇంగ్లండు భవనాల్లోకి ప్రవేశిస్తున్న రోజులవి. ఏంజియర్ మార్చ్ పెర్కిన్స్ 1831లో హక్కులు పొందిన పద్ధతిలో, మూసివేసిన సన్నగొట్టాల్లో నీరు మరిగే స్థాయిని దాటి చాలా వేడెక్కేది. ఆ గొట్టాలు నేల పలకల కింద, చెక్క తొడుగుల్లో సాగేవి. 1841లోనే మాంచెస్టర్‌లో ఒక బీమా సంస్థ కోసం ఈ పద్ధతిపై విచారణ జరిగింది. అంటే అనుమానం గాలిలో ఉంది. బ్రైడ్‌వుడ్ దానికి ఒక ఉష్ణోగ్రతనూ ఒక కాలపరిమితినీ జోడించాడు.

చరిత్ర విద్యార్థికి ఈ సాక్ష్యం అనేక విధాల ఆసక్తికరం. మొదటిది, దాని స్వభావం. ఆయన దానిని నిరూపిత సత్యంగా కాక తన నమ్మకంగానే చెప్పాడు. ఆ నమ్మకానికి ఆధారం ప్రయోగం కాదు, వృత్తి అనుభవం. రెండవది, ఈ రకం ప్రమాదం తన సాక్ష్యాన్ని తానే కాల్చేస్తుంది. ఇల్లు తగలబడితే ఏ కర్ర ముందుగా, ఎన్నేళ్ళుగా నల్లబడుతూ వచ్చిందో చెప్పే కర్రే మిగలదు. తగలబడకపోతే విచారణే ఉండదు. కాబట్టి మంటలు వ్యాపించకముందే ఆర్పిన చోట్ల, లేదా మరమ్మతుకు పలకలు విప్పిన చోట్ల బయటపడే నల్లబడిన కలపే దొరికే ఆధారం. ఎనిమిదేళ్ళ కిందటి ఒక అమరికను నిన్నటి రాత్రి మంటకు కారణంగా చూపడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. కారణానికీ కార్యానికీ నడుమ ఇంత వ్యవధి ఉన్నప్పుడు ఇంటివాళ్ళు, బీమా కంపెనీ, చివరకు చరిత్రకారుడూ దగ్గరగా కనిపించిన కారణాన్నే పట్టుకుంటారు.

మూడవది, కాలపు వాతావరణం. ‘స్వయం దహనం’ అనే మాట ఆనాడు మంచి పేరున్న మాట కాదు. మనుషులు తమంతట తామే కాలిపోతారన్న కథలు ప్రచారంలో ఉండేవి. చార్లెస్ డికెన్స్ బ్లీక్ హౌస్ నవలలో క్రూక్ పాత్రను అలాగే చంపి, జి. హెచ్. ల్యూయిస్ ఆక్షేపిస్తే 1853 నాటి ముందుమాటలో సమర్థించుకున్నాడు. అటువంటి రోజుల్లో కర్ర తనంతట తాను అంటుకుంటుందంటే సందేహించేవారు ఉండడంలో ఆశ్చర్యం లేదు. కారణం తెలియని ప్రతి మంటకూ ‘స్వయం దహనం’ అని పేరుపెట్టి చేతులు దులుపుకొనే వీలు ఉందన్నదీ నిజమే. బ్రైడ్‌వుడ్ వాదాన్ని సమర్థించేవారు ఈ లొసుగును గుర్తించవలసిందే.

శాస్త్రపరంగా ఈ వివాదం నేటికీ పూర్తిగా సమసిపోలేదు. తాజా కలపను త్వరగా వేడిచేసి మండించడానికి సుమారు 250 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన వేడి కావాలి. 100 డిగ్రీల దగ్గర అది కేవలం ఎండుతుంది. అయితే ఏళ్ళ తరబడి ఎండి, మెల్లగా విఘటనం చెంది, సచ్ఛిద్రమైన బొగ్గులా మారిన కలప సంగతి వేరు. అది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చి స్వయంగా వేడెక్కుతుందని కొందరు, అలా ఏర్పడే బొగ్గు తక్కువ వేడికే రాజుకుంటుందని కొందరు వివరిస్తారు. వేడి బయటికి పోయే దారి లేని మందపాటి దిమ్మెలోనే తొలి వివరణ కుదురుతుందని, ప్రయోగశాలలో పదేళ్ళ పరీక్షను ఎవరూ కొలిచి చూడలేరని విమర్శకుల వాదన. ఇంతటి అనిశ్చితి మధ్యనే బాబ్రాస్కస్, గ్రే, జాన్సెన్స్ 2007లో కలప సమీపంలోని ఉష్ణ పరికరాల గురించి రాస్తూ, కలప దీర్ఘకాలం 77 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూడడం వివేకమని సూచించారు. బ్రైడ్‌వుడ్ చెప్పిన నీరు మరిగే వేడి కంటె అది తక్కువ. విధానం తేలకపోయినా జాగ్రత్త ఆయన చూపిన దిక్కుకే జరిగింది.

5. నమ్మకం నుంచి ఉష్ణమాపకానికి

అమెరికాలో ఎడం కొలతను ప్రయోగశాలకు తీసుకువెళ్ళినవి ప్రభుత్వాల కంటె ముందు బీమా వర్గాలు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో విద్యుత్ ఏర్పాట్ల ప్రమాదాలను పరిశీలించేందుకు వచ్చిన విలియం హెన్రీ మెరిల్ 1894లో స్థాపించిన సంస్థే తరువాత అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అయింది. 1896లో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఏర్పడింది. ఒకటి పరీక్షిస్తుంది, మరొకటి నియమం రాస్తుంది; రెండింటి వెనుకా నష్టపరిహారం చెల్లించేవారి లెక్కలున్నాయి. బీమా లాభాపేక్షే ఈ నియమాలకు మూలమని తేల్చేయడం సులభం. కాని ఏ ఒక్క ఇంటివారికీ దక్కని దృష్టి బీమా సంస్థకు ఉంది. ఒక కుటుంబం చూసేది ఒకే గోడను. సంస్థ చూసేది లక్ష గోడలను. పదేళ్ళకు ఒకసారి జరిగేది కుటుంబానికి ‘ఎన్నడూ జరగనిది’, సంస్థకు ప్రతి వారం జరిగేది.

ఈ కృషిలో కీలకమైన పత్రం 1943లో జె. ఎ. నీల్ పేరుతో అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ వెలువరించిన 27వ పరిశోధన బులెటిన్. తాపన పరికరాల ఎడాలూ ఉష్ణనిరోధకాలూ దాని విషయం. పద్ధతి సరళం. వేడి పరికరం ఎదుట కలప గోడను నిలిపి, గోడ వేడిని ఉష్ణమాపకాలతో కొలుస్తారు. గది ఉష్ణోగ్రత కంటె గోడ 90 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 50 సెల్సియస్ డిగ్రీలు మించి పెరగని దూరమే తగిన ఎడం. గది 21 డిగ్రీలుంటే గోడకు అనుమతి 71 డిగ్రీల దాకా మాత్రమే. కర్ర అంటుకొనే వేడికి ఇది దరిదాపుల్లో లేదు. పరీక్ష కొన్ని గంటల్లో ముగుస్తుంది కాని, ఎంచుకున్న హద్దు గంటలను దృష్టిలో పెట్టుకున్నది కాదు. గంటల్లో చేసిన పరీక్షతో ఏళ్ళ గురించి హామీ ఇవ్వాలంటే హద్దును అంత కిందికి దించక తప్పదు. 1846 నాటి నమ్మకం 1943 నాటి పట్టికలో సూత్రంగా కాక, విడిచిపెట్టిన జాగాగా మిగిలిందని నా అభిప్రాయం.

ఈ రకం పరీక్షల వల్ల తేలిన మరో సంగతి సామాన్య బుద్ధికి ఎదురు నడుస్తుంది. గోడను కాపాడడానికి ఇటుకలు పేర్చడం చాలామందికి తట్టే ఉపాయం. మూడున్నర అంగుళాల ఇటుక వరుసను గోడకు ఆనించి కడితే 36 అంగుళాల ఎడం 24కు మాత్రమే తగ్గుతుంది. ఒక అంగుళం గాలి జాగా వదలి పలుచని ఇనుప రేకు నిలబెడితే 12 అంగుళాలకు తగ్గుతుంది. బరువైన ఇటుక చేయలేని పనిని చేతితో వంచగల రేకు చేస్తున్నది. కారణం రేకులో లేదు, దాని వెనుక ఖాళీలో ఉంది. గోడకు ఆనిన ఇటుక తాను పట్టిన వేడిని రాత్రంతా మెల్లగా వెనుకకు అందిస్తుంది. రేకు వెనుక గాలి మాత్రం వేడెక్కి పైకి లేచి, పై అంచు నుంచి గదిలోకి వెళ్ళిపోతుంది. కింది అంచు నుంచి చల్లగాలి ప్రవేశిస్తుంది. కాబట్టి రేకు కింద, పైన తెరిచి ఉండాలి. దానిని నిలిపే ఆధారాలు కాలనివై, స్టవ్‌కు సరిగ్గా వెనుక పడకుండా ఉండాలి. ఎంత రక్షణ కల్పించినా గుర్తింపు లేని స్టవ్‌ను 12 అంగుళాల కంటె దగ్గరకు జరపనివ్వరు.

ఇంత శ్రద్ధగా అమర్చిన రేకు కింది సందును, ఇల్లు అందంగా కనబడాలని నేల అంచు పట్టీతో మూసివేసేవారు ఉంటారు. గాలి ఆగిపోతుంది, రక్షణ పోతుంది. ఫ్రాంక్లిన్ కోప్పడిన అలంకార పట్టీలకు ఇవి వంశంలో వారసులే.

బ్రిటన్‌లో ఇటుక ఇళ్ళు అధికం కనుక అక్కడి నియమం వేరే దారిన సాగింది. పొగగొట్టం నుంచి కాలే పదార్థానికి గొట్టం వ్యాసానికి మూడు రెట్లు ఎడం ఉండాలని అక్కడి భవన నిబంధనల జె పత్రం చెబుతుంది. ఆరంగుళాల గొట్టానికి అది పద్దెనిమిది అంగుళాలవుతుంది. అమెరికా ప్రమాణంలో ఒంటిపొర రేకు గొట్టానికి చెప్పిన దూరమూ పద్దెనిమిది అంగుళాలే. రెండు దేశాలు ఒకటి గుణకారంతో, మరొకటి నేరుగా అంకెతో ఒకే చోటికి చేరాయి.

6. 1973 తరువాత

రెండవ ప్రపంచయుద్ధం తరువాత చమురు, సహజవాయువు చౌకగా దొరికి, అమెరికా ఇళ్ళలో కట్టెల స్టవ్ దాదాపు జ్ఞాపకంగా మారింది. స్టవ్‌తో పాటు దానితో మెలగే ఇంగితం కూడా ఒక తరం పాటు చేతులు మారకుండా ఆగిపోయింది. 1973 చమురు సంక్షోభంతో స్టవ్‌లు తిరిగి వచ్చాయి, ఇంగితం వెంట రాలేదు. పశువుల కొట్టాల్లో పడి ఉన్న పాత స్టవ్‌లు, ఇనుప పీపాలతో ఇంట్లో చేసుకున్నవి, కొత్త కంపెనీలు హడావుడిగా పోసినవి ఇళ్ళలోకి చేరాయి. చాలావాటిని యజమానులే అమర్చుకున్నారు. మూడడుగులు వదిలితే చిన్న గదిలో మంచమో బల్లో పట్టదు. స్టవ్ గోడకు జరిగింది.

ఇళ్ళ మంటలు పెరగడంతో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ ఈ విషయంపై అధ్యయనాలు చేసింది. 1980లో పీకాక్ తదితరుల నివేదిక ప్రమాదాల వివరాలను సమీక్షించి, లోపం చాలావరకు స్టవ్ తయారీలో కాక అమరికలో, వాడకంలో, శుభ్రతలో ఉన్నట్లు చూపింది. 1983లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఒక నిబంధన తెచ్చింది. దాని ప్రకారం కట్టె, బొగ్గు స్టవ్‌ల తయారీదారులు ఎడాల వివరాలను స్టవ్‌కే శాశ్వతంగా అతికించిన పలక మీద ముద్రించాలి.

ఈ పలక చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని అధికారం ఎక్కడ ఉందన్నది దానితో మారింది. అంతకు ముందు ఎడం గ్రంథంలోనో, తనిఖీ అధికారి తలలోనో ఉండేది. ఇప్పుడు వస్తువు తన గురించి తానే చెబుతున్నది. వెనుక కవచంతో తయారై పరీక్షలో నెగ్గిన స్టవ్‌కు పలక మీద కొన్ని అంగుళాలే ఉండవచ్చు. అప్పుడు అదే చెల్లుతుంది. దానితో 36 అంగుళాల అంకె స్థానం కూడా మారింది. అది ఇక స్టవ్‌లన్నిటి ఎడం కాదు. తన గురించి ఏమీ చెప్పలేని స్టవ్‌కు విధించే ఎడం. పలక లేనిది, పలక చెరిగిపోయినది, చేతితో చేసినది ఆ తరగతిలోకి వస్తాయి.

7. తెలుగు గోడ, అమెరికా గోడ

తెలుగు పల్లెల సంప్రదాయ వంటింట్లో పొయ్యి గోడకు ఆనుకొనే ఉంటుంది. మట్టి గోడ, ఇటుక గోడ వేడికి నల్లబడతాయి కాని అంటుకోవు. మసి పట్టిన గోడకు అలుకు, సున్నం చాలు. ఇక్కడ భయం పక్కన లేదు, పైన ఉంది. తాటాకు, రెల్లు, వరిగడ్డి కప్పుకు రవ్వ ఎగిరితే వేసవి గాలికి వాడ వాడంతా బుగ్గి అయ్యేది. తీరాంధ్రకు వర్తించిన 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం కూడా గడ్డి, ఆకులు, చాపల వంటి వాటితో బయటి కప్పులూ గోడలూ కట్టడాన్ని అనుమతికి లోబరచింది. ఆ చట్టం చూపు 1212 నాటి లండన్ చూపు లాంటిదే: కప్పు మీద, పొరుగింటి మీద. లోగోడ మీద చూపు నిలపవలసిన అవసరం మన గోడ కలిగించలేదు. మన భాషలో ఎడం అనే మాట ఉండి కూడా అది పొయ్యికీ గోడకూ మధ్య స్థిరపడకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

అందువల్ల ఉత్తర అమెరికాలో కట్టెల స్టవ్ ఉన్న పాత ఇల్లు కొన్న తెలుగు కుటుంబం తెచ్చుకున్న అలవాటు ఆ ఇంటి గోడ దగ్గర పనికిరాదు. అక్కడి లోగోడ నున్నగా, తెల్లగా, మన పూతగోడలాగే కనిపిస్తుంది. అది జిప్సం పలక. జిప్సం కాలదు. కాని దాని రెండు ముఖాలూ కాగితం, దాని వెనుక నిలువు కర్రలు. వేడి పలక గుండా కర్రకు చేరుతుంది కనుక అగ్ని ప్రమాణాలు దానిని కాలే గోడగానే లెక్కిస్తాయి. దానిమీద రాతి పెంకులు అతికించినా లెక్క మారదు. వేడిని అడ్డే గాలి జాగా అక్కడ లేదు. 19వ శతాబ్దపు చెక్కబద్దల సున్నపు గోడ వేసుకున్న ముఖమే ఇదీ, పదార్థం మాత్రం కొత్తది.

ఇటువంటి ఇల్లు అమ్మేవారు తరచు చెప్పే మాట, స్టవ్ ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉందని. కొనేవారు దానిని హామీగా వింటారు. 1846 సాక్ష్యం తెలిసిన తనిఖీదారుకు అది ఆ పలక వెనుకనున్న కర్ర ఎంతకాలం వేడిలో ఉందో తెలిపే సమాచారం. ఆయన స్టవ్ వెనుక పలకను ఒక అడుగు మేర కోసి, కర్ర రంగు చూస్తాడు. గోధుమరంగుకు తిరిగి ఉంటే స్టవ్‌ను ముందుకు జరిపి, రేకు నిలబెట్టి వదలడంతో సరిపెట్టడు. ఆ కర్రను మార్పిస్తాడు.